దొంగ ఊపిరి

పోయిన వారం పాముచెవిని మనం పత్రికాఫీసు మూలగదిలో, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, నోట్లో పెన్సిలు పెట్టించి వదిలేసి వచ్చాం. వారం రోజులపాటు ఆ చక్రం ఊడిన కుర్చీలో కూర్చోబెట్టినందుకు ఆవిడ నా మీద కారాలూ మిరియాలూ నూరుతూ ఉంటుంది. కథలో మాత్రం గంటే గడిచింది. ఇప్పుడు గురువారం మధ్యాహ్నం రెండున్నర.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. పాముచెవి అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. గోడవతల ఎవరైనా గ్లాసు కింద పెడితే అది స్టీలుదో గాజుదో చెప్పడమే కాదు, ఏ స్వరంలో మోగిందో కూడా చెప్పే మనిషి. వారం వారం సంగీతం మీద రాస్తుంది. ఆమె బావ, అంటే సొంత అక్క మొగుడు, జాజ్ ట్రంపెట్‌లో పేరు మోసినవాడు. ఆయన కొత్త క్వింటెట్ ఆల్బమ్ ‘మూడో అంతస్తు’ ఈ వారమే బయటికొచ్చింది. ట్రంపెట్, శాక్సోఫోన్, పియానో, బేస్, డ్రమ్స్, మొత్తం ఐదుగురు. బావ ఆల్బమ్‌కి మరదలు సమీక్ష రాయడమేమిటని మీరడగొచ్చు. పోయిన ఆల్బమ్‌ని ఆవిడే ఉతికి ఆరేసింది. ‘ఈ పెద్దమనిషి పాట వినిపించడానికి కాదు, ఊపిరితిత్తులు చూపించడానికి వాయించాడు’ అని రాసింది. ఆర్నెల్లు బావ ఆమెతో మాట్లాడలేదు. ఈ మనిషి బంధుత్వం చూడదని ఎడిటరుకి అప్పుడే నమ్మకం కుదిరింది. సాయంత్రం ఆరింటికల్లా సమీక్ష తన బల్ల మీద ఉండాలన్నాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఈసారి ఆల్బమ్ బాగుంది. ఏదో మర్యాదకి బాగుందనడం కాదు, నిజంగానే బాగుంది. ‘ఇన్నాళ్ళకి ఈయనకి ఊరుకోవడం చేతనైంది’ అని పాముచెవి మొదటి వాక్యం రాసుకుంది. మొదటి పాట పేరు ‘లిఫ్టు గంట’. బావావాళ్ళ బిల్డింగులో లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా రెండు స్వరాల గంట మోగుతుంది. రెండో స్వరం శ్రుతి తప్పి కాస్త కిందికి జారి ఉంటుంది. పియానో అతను ఆ జారుడునే పట్టుకుని మొదలెడతాడు. దాని మీద ట్రంపెట్టూ శాక్సోఫోనూ పొద్దున్నే ఒకే బాత్రూము కోసం కొట్టుకునే అన్నదమ్ముల్లా తగులుకుంటాయి. వెనకాల బేస్ ముసలాయన వాళ్ళిద్దరినీ పట్టించుకోకుండా తన నడక తాను నడుస్తుంటాడు. మూడో పాటలో, కొత్తగా చేరిన డ్రమ్స్ అమ్మాయి కర్రలు పక్కన పెట్టి తీగల కుంచెలు తీసుకుంటుంది. ఎవరో నెమ్మదిగా గది ఊడుస్తున్నట్టుంటుంది. బావ అక్కడ పదహారు తాళావర్తాలు ఊరికే నిలబడి ఆ అమ్మాయిని వాయించనిచ్చాడు. పదహారు ఆవర్తాలు నోరు మూసుకోవడమంటే ఆయనకి ఉపవాసంతో సమానం. పాముచెవి ఆ చోట రెండుసార్లు వెనక్కి తిప్పి విని, సంతోషంతో తనలో తనే నవ్వుకుంది.

ఆ నవ్వు ఐదో పాట దాకానే. ‘ఆరేసిన చొక్కా’ అని దాని పేరు. నెమ్మది పాట. ట్రంపెట్ ఎక్కడా పైకి ఎగరదు, గొంతు తగ్గించి, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు కింది స్వరాల్లోనే తిరుగుతుంది. అంత గొప్పగా బావ ఎన్నడూ వాయించలేదు. మొదటిసారి విన్నప్పుడు ఆమెకి కళ్ళ నీళ్ళొచ్చాయి. రెండోసారి విన్నప్పుడు అనుమానమొచ్చింది.

పాట మొదట్లో ఊపిరి తీసుకున్న చప్పుడుంది. బావది నోటి ఊపిరి. సైకిలు పంపు కొట్టినట్టు అందరికీ వినబడుతుంది. ఆ చప్పుడు మధ్యలో చిన్న కిర్రు, ఎవరిదో కుర్చీ. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ ఊపిరి, మళ్ళీ అదే కిర్రు. నాలుగో నిమిషంలో మూడోసారి. మనిషన్నవాడు ఒకే ఊపిరి మూడుసార్లు తీసుకోలేడు. కుర్చీ కూడా వేళ చూసుకుని మూడుసార్లు ఒకేలా కిర్రుమనదు. అంటే ఎవరో ఒక్క ఊపిరిని కత్తిరించి మూడుచోట్ల అతికించారు. ఆ అతికింపు ఎందుకు? ట్రంపెట్ పట్టుకున్నది బావేనని నమ్మించడానికి.

పోయిన వారం మనం ఆగింది ఇక్కడే. ఇప్పుడు ఆవిడ ఇంకో మెట్టు దిగింది. దిగకుండా ఉంటే బాగుండేది.

ఆ అతికించిన ఊపిరి తర్వాత వచ్చే వరస నలభై సెకన్లపాటు ఎక్కడా తెగదు. అంత చిన్న గుక్కతో అంత పొడుగు వరస బావ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ఒక్క దారుంది. చెంపల్లో పుక్కిలించినంత గాలి దాచుకుని, దాన్ని బయటికి తోస్తూనే ముక్కుతో కొత్త గాలి లోపలికి లాగాలి. వినేవాడికి గాలి మారినట్టు తెలియకూడదు. పాముచెవి నాన్న బ్యాండు మాస్టారు. ఆయన దాన్ని దొంగ ఊపిరి అనేవాడు. “జేబు కొట్టినట్టుండాలి, పక్కవాడికి తెలిస్తే అది దొంగతనమే కాదు” అంటూ వీధి వరండాలో పిల్లలందరి చెంపలూ వేలితో పొడిచి చూసేవాడు. బావ ఆయన దగ్గర నేర్చుకోలేదు. పైగా దొంగ ఊపిరంటే సర్కసని ఎగతాళి చేస్తాడు.

ఎంత తెలియకూడదన్నా, గాలి మారే చోట స్వరం వెంట్రుకవాసి వంగుతుంది. ఒక్కొక్కరిది ఒక్కో వంపు, చేతిరాతలాగా. అది వినాలంటే పాముచెవి చెవులే కావాలి. నాన్న శిష్యుల్లో దొంగ ఊపిరి బాగా పట్టుబడిన మనిషెవరో ఆమెకి తెలుసు. ఆ మనిషినే పెళ్ళి చేసుకుంది.

ఆమె భర్త ఎనిమిదేళ్ళ కిందట స్కూటరు మీంచి పడి ముందు పన్ను విరగ్గొట్టుకున్నాడు. పెట్టుడు పన్ను పెట్టించుకున్నాడు గానీ పెదవి మళ్ళీ కుదురుకోలేదు. ఒకరోజు ట్రంపెట్ పెట్టెకి తాళం వేసి, “ఇక దీన్ని నోటికి తాకించను” అన్నాడు. ఆ తర్వాతి మూడు నెలలూ వాళ్ళిద్దరూ ఎలా గడిపారో పాత పాఠకులకి తెలుసు, మళ్ళీ చెప్పి ఏడిపించను. తర్వాత గాలి వాయిద్యాలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ మనిషి మళ్ళీ వాయిస్తున్నాడు. అదీ బావ పేరు మీద, ఆమెకి చెప్పకుండా.

గాలి మారే చోట ఈ పాటలో స్వరం పైకి వంగుతోంది. తన భర్తది ఎప్పుడూ కిందికి వంగేది. ఆమె అది గమనించింది. గమనించి, పెట్టుడు పన్ను వల్ల అలా మారుంటుందని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. పాముచెవి జీవితంలో ఇంత పెద్దగా పప్పులో కాలేయడం ఇదే మొదటిసారి.

హెడ్‌ఫోన్లు తీసి భర్తకి ఫోను చేసింది.

“ఎక్కడున్నావ్?”

“ఫెల్టు కొనడానికొచ్చా. వాల్వుల కింద వేసే మెత్త అయిపోయింది. ఏం, ఏమైంది?”

“ఏం లేదు. గురువారం గురువారం ఫెల్టు అయిపోతోందే అని.”

“బాగా నడుస్తున్నాయి రిపేర్లు” అన్నాడతను. అన్నాక గొంతు సవరించుకున్నాడు. అప్పుడే అతని వెనకాల గంట మోగింది. రెండు స్వరాలు, రెండోది కిందికి జారింది. పాముచెవి ఫోను చెవికి ఇంకాస్త అదుముకుంది. ఊళ్ళో వంద లిఫ్టులుండొచ్చు గానీ ఆ ఏడుపు గంట ఒక్క చోటే ఉంది. అక్కావాళ్ళ మూడో అంతస్తు.

“సరే, మంచి ఫెల్టు చూసి తీసుకో” అని పెట్టేసింది.

ఆటోలో పావుగంట దారి. ఆ పావుగంటలో ఆమె ఏమేం ఊహించుకుందో రాస్తే ఎడిటరు ఇంకో రెండు పేజీలివ్వాలి. మూడు గురువారాలు దుకాణం మూసి ఉండటం, అడిగితే మాట మార్చడం, రాత్రి భోజనాల దగ్గర తనలో తనే వేళ్ళతో బల్ల మీద వాల్వులు నొక్కుతున్నట్టు ఆడించడం, అన్నీ ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి. వాయించినందుకు కాదు ఆమె బాధ. వాయించగలిగిన రోజున ముందుగా పరిగెత్తుకొచ్చి తనకి చెప్పాల్సిన మనిషి, ఫెల్టు కొంటున్నానని చెప్పాడు.

బావ గురువారాలు రెండు నుంచి ఐదు దాకా రిహార్సలు హాల్లో ఉంటాడు. అందుకే ఈ వేళ ఎంచుకున్నారన్నమాట. లిఫ్టు గంట తనని పట్టిస్తుందని ఆమె మెట్లెక్కింది. రెండో అంతస్తు దాటేసరికే వినబడింది. తలుపులు మూసి, ట్రంపెట్ బెల్లుకి, అంటే ఆ గరాటు మూతికి, ఏదో గుడ్డ అడ్డం పెట్టి వాయిస్తున్నారు. అయినా ఆ వరస అదే. గాలి మారే చోట అదే పైవంపు. మెట్ల మీద నిలబడిపోయి చివరిదాకా విని, అంత కోపంలోనూ, ఎంత బాగుందో అనుకుంది. ఆ తర్వాత వెళ్ళి తలుపు కొట్టింది.

వాయిద్యం ఆగిపోయింది. లోపల ఏదో సర్దుతున్న చప్పుడు, చిన్నగా మాటలు. నిమిషం తర్వాత భర్త తలుపు తీశాడు. చేతిలో వాల్వు నూనె సీసా, భుజం మీద పసుపచ్చ తుడుపుగుడ్డ.

“ఇదేనా ఫెల్టు దుకాణం?” అంది పాముచెవి.

అతను తలుపు ఇంకాస్త తెరిచాడు. “లోపలికి రా, చెప్తాను.”

“లోపలికి రాక ఇక్కడే నిలబడతాననుకున్నావా?” చెప్పులు విడిచి హాల్లోకి నడిచింది. భోజనాల బల్ల మీద ట్రంపెట్ ఉంది. అది బావది కాదు. నాన్నది. బెల్లు అంచున సొట్ట, దాని మీద నాన్న తనే వేసుకున్న వంకర టంకం. ఇది అటక మీద ఉందని అందరూ అనుకుంటున్నారు. ఇప్పుడు మెరుస్తోంది. “ఎన్నాళ్ళ నుంచి?”

“ఇది బాగుచేసి ఏడాదైంది.”

“నేనడిగేది దీని సంగతి కాదు. నీ సంగతి. ఎన్నాళ్ళ నుంచి వాయిస్తున్నావ్? బావకి ఎన్ని పాటలు వాయించి పెట్టావ్?”

“నేను వాయించలేదు.”

“చూడు, నాతో ఆటలొద్దు. ఐదో పాట దొంగ ఊపిరితో వాయించింది. బావకి రాదు. నాకు చిన్నప్పుడే చేతకాలేదు. మూడో మనిషివి నువ్వు. ఇంకెవరున్నారు చెప్పు. ఎనిమిదేళ్ళు నీ ముందు రేడియోలో ట్రంపెట్ వస్తే స్టేషన్ మార్చాను. పెళ్ళిళ్ళకి పిలిస్తే, బ్యాండు ఉందా అని ముందే కనుక్కుని ఒక్కదాన్నే వెళ్ళాను. నీకు నొప్పి తగలకూడదని. నువ్వేమో ఇక్కడికొచ్చి...” గుక్క తిప్పుకోకుండా అంటున్నదల్లా ఆగిపోయింది. చూపు అతని పెదవి మీద పడింది.

ట్రంపెట్ వాయించినవాళ్ళ పై పెదవి మీద కాసేపటిదాకా గుండ్రంగా అచ్చు ఉంటుంది. చిన్నప్పుడు నాన్నకుండేది, పెళ్ళైన కొత్తలో భర్తకుండేది. ఎర్రటి ఉంగరంలాంటి అచ్చు. గంటసేపు దాచినా దాగదు. ఇప్పుడు అతని పెదవి మీద ఏమీ లేదు. పొడిగా, కాస్త పగిలి ఉంది, అంతే.

“చెప్పాగా. నేను కాదు” అన్నాడతను నెమ్మదిగా.

“మరెవరు?”

అప్పుడు పడగ్గది తలుపు తెరుచుకుంది. అక్క బయటికొచ్చింది. ఉతికిన దుప్పటి మడత పెడుతూ, ఇంట్లో పని మధ్యలోంచి లేచి వచ్చినట్టే వచ్చింది. “ఏమే చిన్నదానా, వచ్చేముందు ఫోన్ చేయొచ్చుగా” అంది. పై పెదవి మీద ఎర్రగా, గుండ్రంగా, అచ్చు.

పాముచెవి కుర్చీలో కూలబడింది. ఊళ్ళోకెల్లా మంచి చెవులని పేరు. లిఫ్టు గంట విని దొంగని పట్టగలదు. వరండాలో నాన్న ముందు కూర్చున్న పిల్లల్ని వేళ్ళ మీద ఎంచి, ఎంచి, సొంత అక్కని ఎంచలేదు. అక్క పదిహేడో ఏట మానేసింది. బ్యాండులో మగపిల్లలందరికీ కోట్లు కుట్టించడానికి టైలరు టేపు పట్టుకుని వచ్చినరోజు, వరసలో చివర నిలబడ్డ అక్క దగ్గరికి రాకుండానే టేపు చుట్టేసి వెళ్ళిపోయాడు. నాన్న ఏమీ అనలేదు. అక్క కూడా ఏమీ అనలేదు. ఆ మర్నాటి నుంచి అక్క వరండాలోకి రాలేదు. అంతటితో అయిపోయిందని అందరూ అనుకున్నారు.

“నువ్వు మానేశావు కదా” అంది పాముచెవి. ఆ మాట తన చెవికే చిన్నపిల్ల మాటలా వినబడింది.

“వరండాలో మానేశాను.” అక్క దుప్పటి మడత పూర్తిచేసి కుర్చీ మీద పెట్టింది. “ఆయన రిహార్సలుకి వెళ్ళాక రోజూ గంట. బట్టల బీరువా తెరిచి, ఆయన కోట్ల మధ్య బెల్లు దూర్చి వాయిస్తాను. బయటికి రాదు. పాతికేళ్ళయింది. కింద ఇంటావిడ అడిగితే కుక్కరు అని చెప్పేదాన్ని ఒకప్పుడు.”

“ఈ ట్రంపెట్ వాల్వు బిగుసుకుపోయిందని పోయినేడు వదిన దుకాణానికి తెచ్చింది” అన్నాడు భర్త. “అప్పుడే నాకూ తెలిసింది. నీకు చెప్పనని మాటిచ్చాను. వదిన పెదవికి సరిపోయేలా మౌత్‌పీసు అంచు అరగదీస్తున్నాను. గురువారం కొంచెం, గురువారం కొంచెం. అబద్ధం చెప్పింది నిజమే. అది నా తప్పు.”

పాముచెవి అతని వైపు చూడలేకపోయింది. కాసేపటి కిందట అతన్నేమేం అందో ఒక్కొక్క మాటా తిరిగొచ్చి తగులుతోంది. అయినా అనుమానం ఊరికే వదిలే రకమా? అది అతని మీంచి లేచి ఇంకోచోట వాలింది.

“అయితే బావ నిన్ను వాడుకున్నాడన్నమాట. పాట నీది, పేరు ఆయనది. ఊపిరి అతికించింది కూడా ఆయన చెబితేనేగా?”

“ఆయన మీద పడకు” అంది అక్క. మొట్టమొదటిసారి ఆమె గొంతు గట్టిపడింది. “అతికించింది కత్తెర. నేనే అతికించమన్నాను.”

కత్తెరంటే స్టూడియోలో రికార్డింగు చూసే మనిషి. టేపుల కాలంలో బ్లేడుతో కోసి అతికించిన చేయి, ఆ పేరు అలా ఉండిపోయింది.

అక్క ఎదురుగా కూర్చుని, మోచేతులు బల్ల మీద ఆన్చి చెప్పుకొచ్చింది. “ఆ పాట ఆయన మూడుసార్లు వాయించాడు. మూడుసార్లూ పియానో ఒకచోట, ఆయన ఒకచోట. మిగతా నలుగురూ తలలొంచుకున్నారట. ఆయన మాత్రం బాగా వచ్చిందని కోటు వేసుకుని వచ్చేశాడు. ఆ సాయంత్రం కత్తెర నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. అక్కా, ఆయనకి వినబడట్లేదక్కా అన్నాడు. నాకు తెలుసు. కుడి చెవి పోయి రెండేళ్ళయింది. ఎడమది సగం. డాక్టరంటే ఒంటికాలి మీద లేస్తాడు. మిగతా పాటలు ఆ నలుగురూ ఆయన చుట్టూ అల్లుకుని నడిపించేశారు. ఇది నెమ్మది పాట, దాక్కోవడానికి చోటు లేదు.”

పాముచెవికి మూడో పాట గుర్తొచ్చింది. పదహారు ఆవర్తాలు బావ ఊరుకున్న చోటు. ఇన్నాళ్ళకి ఊరుకోవడం చేతనైందని తను మురిసిపోయి రాసిన వాక్యం ఇంకా సంచిలోనే ఉంది. అది వినయం కాదేమో. ఎక్కడ అందుకోవాలో తెలియక నిలబడిపోయాడేమో.

“మర్నాడు పొద్దున నేను వెళ్ళి వాయించాను. ఒక్కసారే. మీరు వాయించిన మూడూ కలిపి అతికించానని కత్తెర ఆయనతో చెప్పాడు. ఆయన ఊపిరి లేకపోతే తనదని పోల్చుకోలేడని, అది తెచ్చి పెట్టాం.”

“విని ఏమన్నాడు?”

“కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చూశావా, నేనింకా అయిపోలేదు అన్నాడు. ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తింటున్నాడు.”

గోడ గడియారం నాలుగు దాటింది. ఆరింటికి సమీక్ష ఇవ్వాలి. విన్నది విన్నట్టు రాస్తే బావ అయిపోతాడు. విన్నది దాచి ‘ఈయన ఇంత గొప్పగా ఎన్నడూ వాయించలేదు’ అని రాస్తే, పాతికేళ్ళు కోట్ల బీరువాలో వాయించిన మనిషిని తన చేత్తో మళ్ళీ ఆ బీరువాలోనే పెట్టి తలుపేసినట్టవుతుంది.

“నీకేం కావాలక్కా? పేరు రాయనా, వద్దా? నువ్వెలా చెబితే అలా.”

“నాన్న పోయినప్పుడు నువ్వో వ్యాసం రాశావు, గుర్తుందా?” అంది అక్క. “ఆయన విద్య ఒక్క శిష్యుడి దగ్గరే నిలిచిందని రాశావు. ఒక్క శిష్యుడని. నేనది మూడుసార్లు చదివాను. అచ్చుతప్పేమో అనుకున్నా.”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే పాముచెవి తట్టుకునేది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భర్త తుడుపుగుడ్డ మడిచి బల్ల మీద పెట్టాడు.

“రాయొద్దని అడగను. రాయమనీ అడగను” అంది అక్క. “నిజం చెప్పాలంటే నాకేం కావాలో నాకే తెలియట్లేదు. పొద్దున రేడియోలో ఆ పాట వేసి, తర్వాత ఆయన పేరు చెప్పారు. స్టవ్ కట్టేసి నిలబడ్డాను. కోపమొస్తుందనుకున్నాను. రాలేదు. కానీ సంతోషమూ రాలేదే.”

అప్పుడే బయట లిఫ్టు గంట మోగింది. రెండు స్వరాలు, రెండోది కిందికి జారింది. ముగ్గురూ తలుపు వైపు తిరిగారు. ఈ అంతస్తులో ఉన్నవి రెండే ఇళ్ళు, ఎదురింటివాళ్ళు ఊళ్ళో లేరు. తాళంచెవి చప్పుడైంది. అక్క చప్పున అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ లోపలికొచ్చాడు. ఆరడుగుల మనిషి, బట్టతల, భుజాన ట్రంపెట్ సంచి. ముగ్గుర్నీ చూసి ముఖమంతా నవ్వాడు. “ఏంటిది, సభ తీర్చారు? పియానోవాడికి జ్వరం, రిహార్సలు లేదు. మరదలా, నువ్వు కూడా ఉన్నావా, మంచిదైంది.” సంచి దించుతూ వెనక్కి తల తిప్పి అన్నాడు. “ఆ లిఫ్టు గంట ఎవరో పీకేసినట్టున్నారు. ఈ మధ్య అసలు మోగట్లేదు. దాని మీద పాట కట్టాక పీకేశారు, చూడు.”

పాముచెవికి తన పాత సమీక్ష గుర్తొచ్చింది. ఈ మనిషిని ఊపిరితిత్తుల పెద్దమనిషని రాసింది తనే.

“ఐదో పాట విన్నావా?” అన్నాడు బావ. ఎడమ పక్క ఆమె వైపుకి వచ్చేలా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మిగతావి ఎలాగైనా రాసుకో, తిట్టుకో. ఆ ఒక్కటి మాత్రం నీ చెవులకి నచ్చిందని తెలిస్తే చాలు. మీ నాన్న బతికుండగా ఆయన చేత ఒక్కసారి శభాష్ అనిపించుకోలేకపోయాను.” అంటూనే బల్ల మీదున్న పాత ట్రంపెట్ చూశాడు. “అరె, మామయ్యది. బాగుచేశావా తమ్ముడూ?” ఆప్యాయంగా చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఆగాడు. మౌత్‌పీసు మీద బొటనవేలు పెట్టి చూశాడు. ఇత్తడి దాచుకోలేని సంగతి ఒకటుంది, వాయించిన ట్రంపెట్ వెచ్చగా ఉంటుంది.

“ఎవరు వాయించారు?” అన్నాడు.

గడియారం టకటకలు మాత్రమే వినబడ్డాయి. అవీ ముగ్గురికే.

“నేనే అన్నయ్యా” అన్నాడు పాముచెవి భర్త. ఇవాళ్టికి అది అతని రెండో అబద్ధం.

బావ ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడ్డాడు. “నిజంగానా? ఎనిమిదేళ్ళకా? ఈ మాట ఇంత చల్లగా చెబుతావేంటయ్యా? ఏదీ, పట్టుకో.” ట్రంపెట్ అతని చేతుల్లో పెట్టేశాడు. “నా ఐదో పాట మొదటి వరస తెలుసుగా? అది వాయించు. దగ్గరికొచ్చి వింటాను. మరదలు కూడా ఉంది, తప్పుంటే అక్కడే పట్టేస్తుంది.”

భర్త ట్రంపెట్ పట్టుకుని నిలబడ్డాడు. ఎత్తలేదు. పెట్టుడు పన్ను మీద నాలుక ఆడించుకుని పాముచెవి వైపు చూశాడు. బావ అతనికి అడుగు దూరంలో, ఎడమ చెవి ముందుకి పెట్టి, కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నాడు.

అక్క నోటి మీంచి చేయి తీసేసింది. పెదవి మీద అచ్చు ఇంకా అలాగే ఉంది. బావ కుడివైపుకి, ఆ వినబడని వైపుకి వచ్చి నిలబడి, ట్రంపెట్ కోసం చేయి చాచింది.

“ఆ పాట అతనికి రాదండీ. అది నాది. ఇలా ఇప్పించండి” అంది.

పాతికేళ్ళ తర్వాత అంది. మామూలు గొంతుతో, ఉప్పు అందించమన్నట్టుగా అంది.

బావ కళ్ళు తెరిచాడు. పక్కన ఏదో మాట పడిందని మాత్రం తెలిసినట్టుంది. అక్క వైపు తిరగలేదు. చిన్నగా, కాస్త సిగ్గుపడుతున్నట్టు నవ్వి, చేత్తో ఎడమ చెవి సవరించుకుంటూ పాముచెవి వైపు వంగాడు.

“మీ అక్క ఏమంటోంది మరదలా?” అనడిగాడు.